ఫలహారం బండి దారి

నా గొంతు పెద్దది. ఈ మాట గొప్పగానే చెప్పుకుంటున్నాను. సైదాబాద్‌లో మా ఇంట్లో నేను ఫోన్ మాట్లాడితే పక్కింటివాళ్ళు టీవీ సౌండు పెంచుకునేవారు. లా చదివి, నల్లకోటు వేసుకుని, పాతబస్తీ కోర్టులో ఒక సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరిన రోజున మా నాన్న, "పోనీలే, ఇన్నాళ్ళకి ఆ గొంతుకో దారి దొరికింది" అన్నారు.

తీరా చేరాక ఆ గొంతుకు దక్కింది రెండే మాటలు: "పాస్ ఓవర్, ప్లీజ్." పొద్దున కోర్టు మొదలవగానే అటెండర్ గుమ్మంలో నిలబడి ఆ రోజు కేసుల్ని వరసగా పిలుస్తాడు. మా కేసు పిలిచే సమయానికి సీనియర్ ఇంకెక్కడో ఉంటారు. అప్పుడు జూనియర్ లేచి, ఆయన వచ్చేదాకా ఈ కేసు కాస్త పక్కన పెట్టండని జడ్జిగారిని అడగాలి. పాస్ ఓవర్ అంటే అదే. నేనది ఎంత దర్జాగా అడిగేదాన్నంటే, "మేడం, మీరు పాస్ ఓవర్ అడిగితే కేసు గెలిచినట్టే ఉంటది" అన్నాడు బెంచ్ క్లర్క్ ఒకసారి.

మా సీనియర్ ఎక్కడున్నా సరే, ఫోన్ చేస్తే "పత్తర్‌గట్టి దాటిన" అనేవారు. అరగంట తర్వాత చేసినా అదే పత్తర్‌గట్టి దాటుతూ ఉండేవారు. చదువు, వాదన, వచ్చినవాళ్ళ మీద దయ అన్నీ ఉన్న మనిషి, గడియారం ఒక్కటే ఆయన మాట వినదు. మా నాన్న గోదావరి వైపు నుంచి సర్కారు ఉద్యోగానికి వచ్చినవారు కావడంతో ఇంట్లో నా మాట ఒక తీరు, బయట ఒక తీరు. "ఇంట్ల వచ్చాను అంటవు, కోర్టుల వచ్చిన అంటవు. ఏ చౌరస్తాల మారుస్తవమ్మా?" అని సీనియర్ ఆటపట్టించేవారు. "చంచల్‌గూడ జైలు ముందట సార్" అనేదాన్ని.

ఆ ఏడాది మా దగ్గర బహదూర్‌పురా నుంచి ఒకామె కేసు నడుస్తోంది. భర్త పోయాక ఇడ్లీ బండి పెట్టుకుని ఇద్దరు ఆడపిల్లల్ని చదివిస్తున్న మనిషి. ఆమె ఇల్లు గల్లీ చివర. ఇంటి వెనక కొంచెం ఖాళీ జాగా ఉంది. రాత్రి బండి అక్కడ పెట్టి, తెల్లారి గల్లీలోంచి తోసుకుంటూ రోడ్డెక్కేది. ఒకరోజు మధ్యాహ్నం బండితో తిరిగి వచ్చేసరికి గల్లీ మొదట్లో ఇనుప గేటు నిలబడి ఉంది. గల్లీ మొదటి ఇంటాయన పెట్టించాడు. ఇది గల్లీ కాదు, మా వాకిలి అన్నాడు. మనుషులు పోవడానికి గేటులోనే చిన్న దిడ్డి తలుపు వదిలి, పెద్ద రెక్కలకు తాళం వేశాడు. ఆమె బండిని రోడ్డు పక్కన పెట్టుకుంటే మున్సిపాలిటీ లారీ ఎత్తుకుపోయింది. విడిపించుకున్న బండిని చెల్లెలి ఇంట్లో పడేసి, ఆమె ఫంక్షన్ హాల్లో అంట్లు తోమే పనికి కుదిరింది.

"తోముతుంటె చేతులు నొయ్యవు బిడ్డా. వేరేటోళ్ళు తిన్న పల్లాలు తోముతుంటె మనసు నొస్తది. నా చేతి ఇడ్లీకి లైన్ల నిలవడేటోళ్ళు" అనేది ఆమె, వాయిదాకు వచ్చిన ప్రతిసారీ. దావా ఓడితే ఇక ఆ పల్లాలే.

నేను చెప్పబోయే రోజుకు నెల ముందు, ఫోటోలు తీసుకురమ్మని సీనియర్ నన్ను ఆ గల్లీకి పంపారు. గేటు తీశాను, దారి తీశాను, ఇంటి వెనక జాగా తీశాను. ఆ జాగాలో గోడకు ఆనించి వెదురు బద్దల చట్రం ఒకటి ఉంది, మనిషికన్నా ఎత్తు. దానికి వెలిసిపోయిన గులాబీ, పచ్చ కాగితాలు ఇంకా అంటుకుని ఉన్నాయి. చూసి వచ్చేశాను.

ఇక ఆ రోజు. అవతలివాళ్ళ సాక్షిని మేం ప్రశ్నించాల్సిన రోజు. సాక్షి గేటాయనకు బావమరిది, అదే గల్లీలో ఉంటాడు, గల్లీ బోనాల కమిటీకి పెద్ద. అఫిడవిట్‌లో అతను రాయించింది ఒక్కటే సంగతి: అది తన బావ సొంత వాకిలి, చక్రాలున్నదేదీ అందులో ఎన్నడూ తిరగలేదు.

నేను లేచి "పాస్ ఓవర్" అన్నాను. జడ్జిగారు తల ఎత్తలేదు.

"మీ సీనియర్‌గారు ఎక్కడున్నారు?"

"పత్తర్‌గట్టి దాటారు, సార్."

హాలంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. "పోయిన వాయిదాకీ అక్కడే ఉన్నారు. వకాల్తాలో మీ పేరు కూడా ఉందిగా? మీరే ప్రశ్నించండి. లేదంటే ప్రశ్నల్లేవని రాసుకుని ముగించేస్తాను."

వెనక బెంచీ మీద మా కక్షిదారు చీర కొంగు గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది. ఆమెకు ఇంగ్లీషు మాటలు అర్థం కావు గానీ, నా ముఖం అర్థమవుతుంది. భయపడ్డానా? లేదు. నిజం చెప్పాలంటే సంతోషమేసింది. ఏడాది పాటు రెండు మాటలతో బతికిన గొంతు నాది.

"నేను చేస్తాను, సార్" అన్నాను.

సాక్షి బోనెక్కాడు. తెల్ల చొక్కా, చేతికి మణికట్టు కనబడనన్ని దారాలు. మామూలుగా మావాళ్ళు ఇలాంటప్పుడు నీవు అబద్ధమాడుతున్నావంటారు, సాక్షి కాదంటాడు, అదే రాసుకుంటారు. పైసా ఉపయోగం ఉండదు. అంతకుముందే వరండాలో అతను ఫోన్లో ఎవరికో చెప్పడం విన్నాను: "ఈసారి లైటింగ్ దుమ్ము లేవాలె. బస్తీల మన బండే నంబర్ వన్ ఉండాలె." బోనాలకు అమ్మవారికి నైవేద్యం తీసుకుపోయే ఫలహారం బండి సంగతి అది. ఆ వెదురు చట్రం అప్పుడు నా కళ్ళముందుకు వచ్చింది. ఆ జాగాలోంచి బయటికి రావడానికి ఇంకో దారి లేదు. అది నేను స్వయంగా చూసి వచ్చాను.

జవాబు తెలియని ప్రశ్న సాక్షిని అడగొద్దని మాకు మొదటిరోజే నేర్పుతారు. ఈ జవాబు నాకు సగమే తెలుసు. అయినా అడిగాను.

"అన్నా, బోనాల కమిటీ మీదేనంట గదా?"

అతని భుజాలు వెడల్పయ్యాయి. "మాదే మేడం. మా తాతల కాలం నుంచి."

"ఫలహారం బండి మస్తు తయారు చేస్తరంట."

"అట్లిట్ల గాదు మేడం. చూస్తె కండ్లు చెదురుతయి. రెండు దినాలు ముందు నుంచే కాగితాలు, పూలు, కరెంటు బుగ్గలు... పోరగాండ్లందరు ఆడ్నే ఉంటరు."

వాళ్ళ వకీలు లేచి, ఈ ప్రశ్నలకు కేసుతో ఏం సంబంధమన్నారు. జడ్జిగారు నావైపు చూశారు. ఇంకొక్క ప్రశ్నలో తెలుస్తుంది సార్ అన్నాను.

"ఎక్కడ తయారు చేస్తరన్నా అంత పెద్ద బండిని?"

"గల్లీ ఎనకాల ఖాళీ జాగా ఉంది గదా, ఆడ."

"మరి గుడికి ఏ దిక్కుకెల్లి తీస్కపోతరు?"

"గల్లీలకెల్లే. ఇంకేడికెల్లి పోతది?"

"గేటు పెట్టినంక?"

"గేటుదేముంది మేడం, రెండు రెక్కలు బార్లా తీస్తరు. అమ్మవారి బండికి ఎవడన్నా అడ్డం వెడ్తడా? గల్లీ అందరిది."

చివరి మాట అతను చెయ్యి గాల్లో తిప్పుతూ అన్నాడు. జడ్జిగారు ఆ మాటలన్నీ ఇంగ్లీషులో టైపిస్టుకు చెప్పి రాయిస్తున్నప్పుడు వెనక కూర్చున్న గేటాయన తన బావమరిది వంక చూసిన చూపు నేను చచ్చినా మరచిపోను. సాక్షికి మాత్రం ఏం జరిగిందో తెలియలేదు. దేవుడి బండికీ బావ గేటుకూ లింకు ఉంటుందని అతనికి తోచనే లేదు. తోచనిది అతనొక్కడికే కాదు. ఏడాదిగా మా ఆఫీసు మెట్లెక్కి దిగిన మా కక్షిదారు కూడా ఆ ముక్క చెప్పలేదు. తర్వాత అడిగితే, "పండుగ సంగతి కోర్టుల చెప్తరా బిడ్డా, కండ్లు పోతయి" అంది.

"ఇంకేం అడగను, సార్" అని కూర్చున్నాను. అప్పుడు వాళ్ళ వకీలు లేచి, తన మనిషితో మాట్లాడుకోవాలి, కాస్త పాస్ ఓవర్ ఇవ్వండని అడిగారు. ఆ మాట ఇంకొకరి నోట వినడం ఇంత బాగుంటుందని నేననుకోలేదు.

మా సీనియర్ చెమటలు కక్కుతూ వచ్చేసరికి వరండాలో రాజీ మాటలు మొదలయ్యాయి. రాసుకున్న సాక్ష్యం చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివారు. "గల్లీ అందరిదని ఆయన నోటితోనే అన్నడా?" అన్నారు. "రేపటి సంది నేను పత్తర్‌గట్టి నిమ్మలంగ దాటొచ్చన్నట్టు." అంతకన్నా మెచ్చుకోలు ఆయన దగ్గర ఉండదు. నాకది చాలా గర్వంగా అనిపించింది.

మధ్యాహ్నం రాజీ కాగితం మీద ఇరువైపులా సంతకాలయ్యాయి. గేటు ఉంటుంది, దారి అందరిది, తాళంచెవి ఒకటి ఆమె దగ్గర ఉంటుంది. గేటాయన మోటార్‌సైకిల్ తాళాల గుత్తిలోంచి ఆ చెవిని అక్కడే ఊడదీసి ఇచ్చాడు. ఆమె దాన్ని కొంగు చివర ముడేసుకుని, ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూసుకుంది.

"అంటె రేపు పొద్దుగాల బండి తీయొచ్చా బిడ్డా?"

"తీయొచ్చమ్మా. ఇగ ఫికర్ లేదు."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. కనీసం నా చేతులు పట్టుకుంటుందనుకున్నాను. నా మొదటి గెలుపు మరి, కొంచెం ఆశ ఉండదా? ఆమె వరండాలో గడియారం చూసి ఉలిక్కిపడింది.

"అయ్యో, మినప్పప్పు నానెయ్యలె!" అని, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగి పరుగెత్తింది.