ఉప్పు మానమన్న అత్త, త్రోబాల్ ఆడిన మేనకోడలు

ఆ రోజుల్లో, అంటే పలాస జీడిపప్పు కంపెనీలో నాకు కొత్తగా ఆఫీసు పని దొరికి, పూండిలో మేనత్త ఇంటి నుంచి రోజూ రైల్లో వెళ్ళొచ్చే రోజుల్లో, ఉప్పు కూడా దొంగతనంగా తిన్నాను. కళ్ళు తిరిగి ఒకటికి రెండుసార్లు పడ్డాక విశాఖలో డాక్టరమ్మ సంగతి తేల్చింది. కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు నాకు పని మానేశాయట. రోజూ మాత్ర తప్పకూడదు, ఒంట్లో ఉప్పు తగ్గకూడదు. ఆటలు ఆడుకోవచ్చు గానీ ముందు తిని, ఉప్పేసిన మజ్జిగ తాగి, కళ్ళు తిరిగేలా ఉంటే వెంటనే ఆగిపోవాలంది.

ఇదంతా విన్నాక అత్త మనసులో నిలిచింది కిడ్నీ ఒక్కటే. ఊరూరా కిడ్నీ జబ్బులుండే మా ఉద్దానంలో ఆ మాట వస్తే ముందు ఉప్పు డబ్బా అటకెక్కుతుంది. మావయ్యను తీసుకుపోయిందీ ఆ జబ్బే, అత్తను తప్పుపట్టలేను. మర్నాటి నుంచి చప్పిడి పప్పు, చప్పిడి చారు. ఉప్పడిగితే "మీ మావని సూసి కూడా తింతానంతావేటే? రేపు మా అన్నకి నానేటి సెప్పాల?" అని కళ్ళు తుడుచుకునేది. (ఆఫీసులో తోటివాళ్ళ ఆవకాయే నన్ను బతికించింది.)

అంతలో మా చర్చి ఆడపిల్లలకీ టెక్కలి జట్టుకీ త్రోబాల్ పోటీ వచ్చింది. నాకు ఆడాలని ప్రాణం. అత్త ససేమిరా అంది. చివరికి ఆవిణ్ణే డాక్టరమ్మ దగ్గరికి వెంటబెట్టుకెళ్ళాను. ఇది మావయ్య జబ్బు కాదనీ, ఈ పిల్లకి ఉప్పు కూడా మందేననీ డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. తిరుగు రైల్లో నౌపడా ఉప్పుమళ్ళు కనబడ్డాక అత్త, "ఇంత ఉప్పు పండే సోట నీకు సప్పిడి పెట్టానేటే" అంది, కిటికీలోంచి చూస్తూనే.

ఆట రోజు అత్త ఉప్పేసిన మజ్జిగ క్యానుతో వచ్చి కోర్టు గీత పక్కనే కూర్చుంది. చివరి సెట్టులో, గెలుపు అందబోతుండగా, నాకు చెమటలు చల్లబడి బంతి రెండుగా కనబడింది. ఇదివరకైతే పంతానికి పోయి పడేదాన్నే. (పడితే అందరూ మోసుకెళ్తారు, అదీ ఒక గొప్పే.) ఆ రోజు చెయ్యెత్తి, "నేనింక కూకుంతాను" అన్నాను. మజ్జిగ తాగి, ఇలాంటప్పుడు వేసుకోమని డాక్టరమ్మ ఇచ్చిన మాత్ర వేసుకున్నాను.

ఆట ఓడిపోయాం. కెప్టెన్ మొహం మాడ్చుకుంది. అత్త మాత్రం కనబడినవాళ్ళందరికీ "మా పిల్ల పడిపోలేదు, తనే కూకుంది" అని చాటింపు వేసింది. ఇప్పటికీ ఆదివారాలు ఆడుతూనే ఉన్నాను. ఈమధ్య ఆగిపోతానని చెయ్యి కాస్త తొందరగానే లేస్తోంది, తలుచుకుంటే నవ్వొస్తుంది. కానీ ఆ సాయంత్రం, ఓడిపోయి కూడా, నా కాళ్ళ మీద నేనే ఇంటికి నడిచెళ్ళాను, దారంతా తలెత్తుకుని.