సున్నా అని రాసిచ్చాను

"నొప్పి పదికి ఎంత?" నొప్పుల డాక్టరుగా శిక్షణలో నాకు మొదట అలవాటైన ప్రశ్న ఇదే. పేషెంటు చెప్పిన అంకెతో వాదించకూడదని మా పెద్దసారు కేస్‌షీటు మీద వేలితో కొట్టి మరీ చెప్పేవారు. బుద్ధిగా నేర్చుకున్నాను. తార్నాకలో నా క్లినిక్‌లో ఇన్నేళ్లుగా అదే అడుగుతున్నాను. మొదట్లో ఎవరైనా ఏడిస్తే నాకూ ఏడుపొచ్చేది. ఇప్పుడు రాదు. అది ఎప్పుడు ఆగిపోయిందో కూడా తెలీదు.

అలా నా దగ్గరికి వచ్చినావిడ యూనివర్సిటీ హాస్టల్ మెస్సులో వంటమనిషి. మాణికేశ్వర్ నగర్ నుంచి క్యాంపస్ మీదుగా నడిచి వచ్చేది. అన్నం వండే పెద్ద పెద్ద గంజులు ఎత్తీ ఎత్తీ నడుములో డిస్కు జారి కుడికాలి నరాన్ని నొక్కుతోంది. మొదటిరోజు "తొమ్మిది" అంది. నడుములో ఇంజెక్షన్ ఇచ్చి, వ్యాయామాలు నేర్పాను. పదిహేను రోజులకు నాలుగుకు తగ్గింది.

నెలకు వచ్చినప్పుడు కూర్చోకముందే నవ్వింది.

"సున్నా మేడం! అస్సలు నొస్తలేదు. పనికి పోవాలె, కాయితం రాసియ్యిండ్రి. లేకుంటే వేరేటోళ్లను పెట్టుకుంటరట."

బయట జనం కూర్చున్నారు. సున్నా అని రాసి, పని చేసుకోవచ్చని కాగితం ఇచ్చాను. కాస్త గర్వపడ్డానేమో కూడా. వెళ్తూ వెళ్తూ, "చెప్పు ఊకె జారుతున్నది మేడం, కాలికి తెలుస్తనే లేదు," అంది.

"పట్టీ ఉన్నవి కొనుక్కోమ్మా," అన్నాను. ఏం తెలివి!

నొప్పి పోయి తిమ్మిరి వస్తే నరం బాగైనట్టు కాదు, చచ్చిపోతున్నట్టు. ఇది మా వైద్యంలో శిక్షణకొచ్చిన మొదటి ఏడాది పిల్లలకూ తెలుసు. పాదం పైకెత్తమని అడిగితే చాలు, అర నిమిషం పని. నేను అడగలేదు.

రెండు వారాలకు ఆటోలో తెచ్చారు. మెస్సులో పాదం మడతపడి, పట్టుకున్న గంజుతో సహా పడిందట. ఎత్తమంటే పాదం వేలాడింది. ఆరోజే ఆపరేషన్‌కు పంపాను. ఆలస్యమైందన్నాడు సర్జన్. మెస్సువాళ్లు వేరే మనిషిని పెట్టుకున్నారు. ఆమె పాదం వేలాడకుండా కాలికి ప్లాస్టిక్ పట్టీ వేసుకుని, వ్యాయామానికి నా దగ్గరికే వస్తోంది.

ఆరు నెలలకు నోరు విప్పి, తప్పు నాదేనని చెప్పాను. ఆరోజు పాదం చూడాల్సిందని, చూడలేదని. అన్నీ విన్నది.

"నడుము నొస్తున్నదంటే మా ఆయన నమ్మలే మేడం. మెస్సుల సూపర్‌వైజర్ పని ఎగ్గొట్టనీకి యాక్టింగ్ అన్నడు. మీరొక్కరే నమ్మిన్రు. నేనేది చెప్తే అది రాసుకున్నరు."

తిట్టినా బాగుండేది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. చేయడానికి ఇంకేమీ తోచక, ఆమె పాదం నా ఒళ్లో పెట్టుకుని ఎప్పటిలాగే పైకెత్తమన్నాను. పళ్లు బిగపట్టింది.

"జర లేస్తున్నది కదా మేడం?"

అవునంటే ఎంత సులువు!

"లేదమ్మా, లేవట్లేదు," అన్నాను.

అప్పుడు ఏడ్చింది.