నా బిడ్డ తల మీద నా చెయ్యి

మా అమ్మాయిని దీవించడానికి ఏడుగురు మగవాళ్లు కావాలన్నారు. కన్నతల్లిని, నేను మాత్రం అక్కర్లేదన్నారు. ఇన్నేళ్లయినా ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఎనభైల మొదట్లో మాట. డెట్రాయిట్ దగ్గర నోవైలో ఉండేవాళ్లం. మా ఆయన కార్ల కంపెనీలో ఇంజినీరు, నేను ఆస్పత్రిలో నర్సుని. మాది నెల్లూరు జిల్లా, ఇద్దరివీ బాప్టిస్టు కుటుంబాలు. అక్కడికి వెళ్లిన మొదటి చలికాలమే మంచు మీద జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్నాను. ఆయన ఆఫీసుకు పోతే ఇంట్లో ఒక్కదాన్నే పడి ఉండేదాన్ని. అప్పుడు చుట్టుపక్కల ఉండే మోర్మన్ అనే క్రైస్తవ శాఖ ఆడవాళ్లు నెల రోజులు వంతులేసుకుని వంట చేసి తెచ్చారు. ఉప్పూ కారం లేని తిండే. కానీ ఆ నెలంతా నన్ను పలకరించిన మనుషులు వాళ్లే. మరుసటి ఏడు వాళ్ల సంఘంలో బాప్తిస్మం తీసుకున్నాను. మా ఆయన తీసుకోలేదు. "కాఫీ తాగొద్దనే దేవుడు నాకొద్దు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

వాళ్లలో జీతం తీసుకునే పాస్టర్లుండరు. వారమంతా కార్లమ్మే ఆయనే ఆదివారం మాకు బిషప్. మంచి నడత ఉన్న ప్రతి మగవాడికీ యాజకత్వం, అంటే దేవుడి పేరిట దీవించే అధికారం, ఇస్తారు. పన్నెండేళ్లు నిండితే చాలు, మీసం రాని పిల్లాడు కూడా టై కట్టుకుని బల్ల దగ్గరి రొట్టె, నీళ్లు పంచుతాడు. ఆడదానికి ఎనభై ఏళ్లు వచ్చినా ఆ యాజకత్వం రాదు. ఆదివారం సభలో ఆడవాళ్లు కూడా ప్రార్థన చేయవచ్చని పైనుంచి అనుమతి వచ్చి అప్పటికి రెండు మూడేళ్లే. దానికీ మా బిషప్ ఒక మెలిక పెట్టాడు. ఆడవాళ్లకు చివరి ప్రార్థనే ఇచ్చేవాడు. సభ మొదలుపెట్టేది మగవాడే అయి ఉండాలట. ఎక్కడ రాసుందని అడిగాను. "రాసి లేదు సిస్టర్, అలవాటు" అని నవ్వాడు.

మా అమ్మ బైబిల్ స్త్రీ. సంచీలో బైబిలు పెట్టుకుని ఊరూరూ నడిచి తిరిగేది. నొప్పులు పడుతున్న ఆడవాళ్ల తల మీద చెయ్యి పెట్టి, గొంతెత్తి ప్రార్థన చేసేది. పాస్టరుగారు కూడా తనకు జ్వరమొస్తే అమ్మకే కబురు పెట్టేవారు. ఆమె కడుపున పుట్టి, నేనిక్కడ చివరి ప్రార్థన దొరికిందని మురిసిపోవాలట. అయినా సర్దుకున్నాను. నాలుగేళ్ల పిల్లలకు ఆదివారం క్లాసు చెప్పే పని నాకిచ్చారు, అదంటే నాకు ప్రాణం.

పెళ్లయిన తొమ్మిదేళ్లకు, రెండు సార్లు కడుపు పోయాక, మా అమ్మాయి పుట్టింది.

ఆ సంఘంలో నెలలో మొదటి ఆదివారం ఉపవాసముండి సభకు వస్తారు. పసిపిల్లలకు పేరు పెట్టి దీవించేది ఆ రోజే. యాజకత్వమున్న మగవాళ్లు గుండ్రంగా నిలబడతారు. ఎడమ చెయ్యి పక్కవాడి భుజం మీద వేసి, కుడి చెయ్యి బిడ్డ కింద పెట్టి, మెల్లగా ఊపుతూ ఉంటే, మామూలుగా తండ్రి దీవిస్తాడు. తల్లి బెంచీ మీద కూర్చుని చూస్తుంది.

నేను బిషప్ గదికి వెళ్లి అడిగాను. "నేను దీవిస్తానని అనడం లేదు. మీరే దీవించండి. పాపను నేను ఎత్తుకుని మధ్యలో నిలబడతాను, అంతే."

"కుదరదు సిస్టర్. అది యాజకత్వంతో చేసే పని."

"ఎత్తుకోవడానికి కూడా యాజకత్వం కావాలా?"

ఆయన నాకేదో పెద్ద ఉపకారం చేస్తున్నవాడిలా ముఖం పెట్టి, "మీ హస్బెండ్ వస్తానంటే ఆయన్ని సర్కిల్లో పాపను పట్టుకోనిద్దాం. తండ్రి కదా. ఆ ఫీలింగ్‌తో ఆయన మనసు మన చర్చి వైపు తిరగొచ్చు" అన్నాడు.

మా ఆయన రోజుకొక సిగరెట్ పెట్టె కాల్చే మనిషి. ఆ చాపెల్ గుమ్మం ఒక్కసారి కూడా తొక్కలేదు. ఉపవాసాలుండి, పిల్లలకు పాఠాలు చెప్పి, వాళ్లు వద్దన్నవన్నీ మానేసిన నేను పనికిరాలేదు. మీసమున్నందుకు ఆయన పనికొచ్చారు!

ఇంటికొచ్చి చెబితే మా ఆయన మొదట పకపకా నవ్వారు. "నేనా? నాకు ప్రార్థనే రాదు గదే!" నా ముఖం చూసి నవ్వు ఆపేశారు. "నిన్ను రానియ్యని కాడికి నేనెందుకు పోతా? కానీ ఒకటి చెప్తుండా. ఎక్కువ ఆర్గ్యూ చేస్తే నిన్ను బయటికి నెడతారు వాళ్లు." ఆ మాట అబద్ధం కాదు. సమాన హక్కులని గట్టిగా మాట్లాడిన ఆడవాళ్లకు వెలి తప్పదని సంఘంలో అందరూ గుసగుసగా చెప్పుకునే రోజులవి.

నేను మనసులో మాట చెప్పుకున్నది ఒక్క ముసలావిడతోనే. మోర్మన్లకు పుట్టిల్లులాంటి యూటా నుంచి వచ్చి కొడుకు దగ్గర ఉండేది. నా చెయ్యి విరిగినప్పుడు మొదట వంట తెచ్చింది ఆమే. ప్రతి ఆదివారం నా పక్కనే కూర్చునేది. దీవెన ముందురోజు ఆమెకు చెప్పాను, వాళ్ల పని అయ్యాక నేను వేదిక మీదికెళ్లి నా బిడ్డను నా భాషలో నేనే దీవించుకుంటానని.

ఆమె గొంతు తగ్గించింది. "మా అమ్మమ్మ చేసేది. కాన్పుకు ముందు ఆడవాళ్లకు నూనె రాసి, తల మీద చేతులు పెట్టి దీవించేది. అప్పట్లో చాలామంది చేసేవాళ్లు."

"మరి ఇప్పుడెందుకు చేయరు?"

"చేయొద్దన్నారు కనుక. నువ్వూ చేయకు, హనీ."

ఆదివారం ఏడు సూట్లు మా పాప చుట్టూ గోడ కట్టాయి. లోపలినుంచి ఏడుపు ఒక్కటే వినిపిస్తోంది. వాళ్లు ఊపేకొద్దీ అది గుక్కపెట్టింది. నా రొమ్ములు సలిపి జాకెట్టు తడిసిపోయింది, పైట కప్పుకుని కూర్చున్నాను. బిషప్ దీవెన ముగించి, ఆటలో గెలుచుకున్న కప్పులాగా పాపను పైకెత్తి అందరికీ చూపించాడు. అందరూ మురిసిపోయారు. ఆ తర్వాత నా బిడ్డను నాకు తెచ్చిచ్చారు.

ఉపవాస సభలో దీవెనలయ్యాక ఎవరైనా పైకెళ్లి తమ విశ్వాసం గురించి సాక్ష్యం చెప్పవచ్చు. దానికి ఆడామగా తేడా లేదు. పాపను ఎత్తుకుని లేచాను. ముసలావిడ నా పైట చెంగు పట్టుకుంది. విడిపించుకుని వెళ్లాను. బిషప్ నవ్వుతూ మైకు నా ఎత్తుకు దించాడు.

పాప తల మీద చెయ్యి పెట్టాను. తెలుగులో చెప్పాను. "తండ్రీ, ఇది నా బిడ్డ. నిన్ను అడిగి అడిగి తెచ్చుకున్నాను. దీనికి నోరియ్యి. ఎవరు కూర్చోమన్నా కూర్చోకుండా, లేచి అడిగే ధైర్యమియ్యి. మా అమ్మ చేతులు దీనికియ్యి. నా తల్లీ, నేను నిన్ను దీవిస్తున్నాను. యేసు నామంలో అడుగుతున్నాను తండ్రీ, ఆమేన్."

హాలంతా ఒక్క గొంతుతో "ఆమేన్" అంది.

అది వాళ్ల అలవాటు. ఎవరు ముగించినా గట్టిగా ఆమేన్ అనాల్సిందే. ఆ మాట అంటే ఆ ప్రార్థన మనదీ అని ఒప్పుకున్నట్టు. నా క్లాసు పిల్లలకు నేనే నేర్పిన పాఠమది. అందరికంటే గట్టిగా అన్నది నా వెనకే కూర్చున్న బిషప్, మైకులో కూడా వినిపించింది. కిందికి దిగుతుంటే నాకు నవ్వాగలేదు.

మంగళవారం పిలిపించాడు. ముసలావిడ చెప్పేసిందట.

"అది సాక్ష్యమా, దీవెనా?" అన్నాడు.

"దీవెన."

"అది చెల్లదు."

"మీరంతా ఆమేన్ అన్నారుగా."

"మాకు అర్థం కాలేదు!"

"అర్థం కానిదానికి ఆమేన్ ఎందుకన్నారు?"

ఆయన ముఖం కందగడ్డ అయింది. నా క్లాసు తీసేశాడు. సభలో ప్రార్థన చేయకూడదు, మాట్లాడకూడదు, రొట్టె, నీళ్లు ముట్టకూడదు. నేను చెప్పింది దీవెన కాదని అందరి ముందూ ఒప్పుకుంటే మళ్లీ అన్నీ ఇస్తాడట. "ముందు మీరంతా ఆ ఆమేన్ వెనక్కి తీసుకోండి, తర్వాత నేను తీసుకుంటాను" అని వచ్చేశాను.

ఆ తర్వాత ప్రతి ఆదివారం రొట్టె పళ్లెం నా దగ్గరికి వచ్చేది. ముట్టకుండా పక్కవాళ్లకు అందించేదాన్ని. అందరూ చూసేవాళ్లు, చూడనట్టు నటించేవాళ్లు. నాకు నెల రోజులు వండిపెట్టిన ఆడవాళ్లే పార్కింగ్ లాట్‌లో ముఖం తిప్పుకుని కార్లెక్కేవారు. మగవాళ్లకంటే వాళ్ల మీదే నాకు కసి. నా క్లాసు పిల్లల్లో ఒకతె నా వైపు పరిగెత్తుకొస్తుంటే తల్లి రెక్క పట్టుకుని లాగేసింది, ఆ రోజు కార్లో కూర్చుని ఏడ్చాను. "ఇంకా ఎందుకు పోతావుండావు?" అని మా ఆయన విసుక్కునేవారు. మానేస్తే వాళ్లు గెలిచినట్టేనని వెళ్లేదాన్ని. ముసలావిడ నా బెంచీ వదిలి వెనక వరుసకు మారింది. ఆమెతో జన్మలో మాట్లాడకూడదనుకున్నాను.

చలి మొదలయ్యే రోజుల్లో ఒక ఆదివారం, పాలిచ్చే తల్లుల కోసం ఉంచిన చిన్న గదిలో పాపకు పాలిస్తున్నాను. ముసలావిడ వచ్చి తలుపు మూసింది. మనిషి సగమైంది.

"గురువారం నాకు ఆపరేషన్. కడుపులో గడ్డ. మగవాళ్లు వచ్చి నూనె రాసి దీవించి వెళ్లారు. నువ్వు కూడా తల మీద చెయ్యి పెట్టు."

"నా సంగతి బిషప్‌కు చెప్పింది మీరే కదా?"

"నేనే. చెప్పడం నా డ్యూటీ అనుకున్నా. ఇప్పుడూ అలాగే అనుకుంటున్నా." ఆమె తన చేతుల వైపు చూసుకుంది. "కానీ మా అమ్మమ్మ చేతులు గుర్తొస్తున్నాయి."

నాకు జాలి వేయలేదు, కోపమే వచ్చింది. నన్ను పట్టిచ్చి, పదిమందిలో దోషిని చేసి, తలుపేసుకుని నన్నే అడుగుతుందా? పాపను భుజాన వేసుకుని లేచి, వెళ్లి తలుపు బార్లా తెరిచాను. కారిడార్‌లో జనం తిరుగుతున్నారు. బిషప్ ఎవరితోనో మాట్లాడుతూ నిలబడి ఉన్నాడు.

"మూసిన గదిలో నేను చేయను. ఇలాగైతే కూర్చోండి" అన్నాను.

వెళ్లిపోతుందనే అనుకున్నాను. ఆమె బిషప్ వైపు చూసింది. తలుపు వైపు చూసింది. వచ్చి కుర్చీలో కూర్చుంది. ఒక చేత్తో పాపను పట్టుకుని, రెండో చెయ్యి ఆమె తెల్ల జుట్టు మీద పెట్టాను. నా కోపం ఇంకా చల్లారలేదు. అలాగే "తండ్రీ" అని తెలుగులో మొదలుపెట్టాను.

ఆమె నా మణికట్టు పట్టుకుని ఆపింది. "ఇంగ్లీషులో చెప్పు. ఈసారి దేనికి ఆమేన్ అంటున్నానో నాకు తెలియాలి."

ఇంగ్లీషులోనే చెప్పాను. బిషప్ మాటలు ఆగిపోయాయి. నేను ముగించాక ఆమె ఆమేన్ అంది, కారిడార్ అంతా వినిపించేటట్టు.