నాలుగో నంబరు గీత

మా అన్నయ్య మాట్లాడడు. మూగవాడేం కాదు, మాట్లాడడు, అంతే. అడిగితే సమాధానం చెబుతాడు, అదీ పిసినారి డబ్బు తీసినట్టు ఒకటీ అరా ముక్కల్లో. కార్ల పార్కింగ్ దగ్గర గేటు ఎత్తి దించే ఉద్యోగం ఆయనది. కారొస్తే ఎత్తుతాడు, వెళ్లాక దించుతాడు. విసుగు పుట్టదా అని నేనెప్పుడైనా అడిగితే, "ఏముంది, వస్తాయి, పోతాయి" అంటాడు. నాకేమో ముక్కు మీద కోపం. పొద్దస్తమానం కొట్లో మొండి తాళాలతో కుస్తీ పట్టేవాణ్ణి, ఇంటికొచ్చాక మనిషితో కూడా అదే పనంటే నావల్ల కాదు.

ఆయన పుట్టుకతోనే ఇలా లేడు. పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌గా ఉన్నప్పుడు అందరూ కరెంటన్న అని పిలిచేవాళ్లు. ఆయన వచ్చాడంటే నవ్వులే. అన్నం ముందు కూర్చుంటే నాతో ఏదో ఒక వాదం పెట్టుకోకుండా లేచేవాడు కాదు. ఫ్యాక్టరీ మూతపడింది, అందులో దాచుకున్నదీ పోయింది. మనిషి ఉలుకూ పలుకూ లేకుండా అయిపోయాడు. సాయంత్రం డ్యూటీ దిగాక మూల కుర్చీలో కూర్చుని ఫోను చూస్తాడు. ఏదో ఆటాడుకుంటున్నాడని మా వదిన అనుకునేది. ఓసారి నేను వెనకనుంచి తొంగి చూశాను. ఆటా లేదు, పాటా లేదు. తెరమీద ఒక గీత. ఎక్కుతూ ఎక్కుతూ వెళ్లి, చివర్లో నిలువునా పడిపోయింది. దాన్ని వేలితో వెనక్కి జరిపి మళ్లీ మొదటినుంచి చూస్తున్నాడు. ఇదేంటని అడిగితే ఏం లేదన్నాడు. నేనూ వదిలేశాను. ఆయన దగ్గర అన్నిటికీ ఒకటే జవాబు, ఏం లేదు.

మా ఇంట్లో నాతో మాట్లాడే ప్రాణి ఒక్కతే, ఆయన కూతురు. చిన్నప్పుడు గింజంత ఉండేది, నేను పిట్ట అనేవాణ్ణి, ఇప్పుడు నాకంటే పొడుగైనా పిట్టే. యూనివర్సిటీలో ఆఖరి సంవత్సరం. కంప్యూటరూ లెక్కలూ కలిపిన చదువేదో, పేరు అడిగినప్పుడల్లా చెబుతుంది, నేను తలూపి మర్చిపోతాను. విద్యార్థులకని ఓ కంపెనీ వాళ్లు పోటీ పెట్టారు. షేర్లు తనంతట తానే కొని అమ్మే ప్రోగ్రాం ఎవరికి వాళ్లు రాసుకుని తేవాలి. నిజం షేర్లు కావు, నిజం డబ్బు కాదు, ఉత్తుత్తి బజారు. కానీ గెలిచినవాళ్లకిచ్చే ఉద్యోగం మాత్రం నిజం. ఆ కంపెనీలోనే, చదువైన మర్నాటినుంచే. అది ఒక్కరికే. పిట్ట ఫైనల్‌కొచ్చింది.

ఆ ఉద్యోగం మాకు ఎంత అవసరమో చెబుతాను. మా వదిన బట్టలు కుడుతుంది, ఇల్లు గడిచేది దాంతోనే. ఇక సూదిలో దారం ఎక్కించే పని మానకపోతే ఉన్న చూపు కూడా పోతుందని కళ్ల డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. వదిన సరేనని తలూపింది, ఇంటికొచ్చి మిషను ముందు కూర్చుంది. పిట్టకు ఉద్యోగమొస్తే లేస్తుంది. రాకపోతే లేవదు. ఇందులో దాపరికం ఏమీ లేదు, ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే.

పోటీ ముందు రోజు భోజనాల దగ్గర పిట్ట నాకు పద్ధతంతా విడమరిచి చెప్పింది. తెరమీద కొన్ని షేర్ల గీతలు కదులుతుంటాయట. అవి కట్టుకథలు కావట, ఎప్పుడో నిజంగా పలికిన ధరలే. ఎవరూ గుర్తుపట్టకుండా కంపెనీల పేర్లు తీసేసి నంబర్లు పెడతారు, ఒక రోజంతా జరిగింది కొద్ది నిమిషాల్లో పరిగెత్తిస్తారు. మొదలయ్యాక మనిషి చెయ్యి పెట్టకూడదు, ప్రోగ్రామే చూసుకుంటుంది. ఆపడానికి మాత్రం ఒక మీట ఉంటుంది. నొక్కితే ఆగుతుంది, మళ్లీ మొదలుపెట్టడం కుదరదు.

అలాంటప్పుడు ఆ మీట దేనికే అన్నాను. ప్రాక్టీసు రోజున వాళ్ల యంత్రం పొరపాటున ఒక ధర తప్పుగా పంపిందట, చివర సున్నా ఎగిరిపోయి. ఒకబ్బాయి ప్రోగ్రాం దాన్ని నమ్మి ఉన్నదంతా అమ్మేసి మట్టికొట్టుకుపోయింది. "అంతా బాగా రాసుకున్నా బాబాయ్. పడటం మొదలైతే అందరికంటే ముందు అమ్ముతుంది నాది. ఆ తప్పు నంబర్లంటేనే భయం" అంది. అన్నయ్య వింటూనే ఉన్నాడు, మజ్జిగ పోసుకుని తిని లేచాడు.

పోటీ రోజునే వదినకు ఎవరికో బట్టలు ఇవ్వాల్సి వచ్చి, నన్నూ అన్నయ్యనూ పంపింది. హాలు నిండా ఏసీ, వణుకు పుట్టేంత చలి. ముందు వరసలో పోటీ పిల్లల బల్లలు, వాళ్లకూ మాకూ మధ్య ఒక తాడు. గోడంత తెరమీద రంగురంగుల గీతలు, పక్కన ఎవరు ఏ స్థానంలో ఉన్నారో పేర్ల పట్టీ. మైకులో మాట్లాడినావిడ రూల్స్ చెప్పింది. చూడటానికొచ్చినవాళ్లు పిల్లలతో మాట్లాడకూడదు, సైగ చెయ్యకూడదు. పిట్ట మూడో స్థానంలో మొదలై రెండోదానికి పాకింది. నాకు కాసేపు కునుకు పట్టింది కూడా. పక్కన మా అన్నయ్య మామూలుగానే బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు.

ఉన్నట్టుండి ఆయన చెయ్యి నా మోకాలు పట్టుకుంది. నాలుగో నంబరు చూడమన్నాడు. ఆకుపచ్చ గీత, మెల్లగా ఎక్కుతోంది. చూశాను, ఏంటన్నాను.

"అది మాదేరా."

"ఏది మీది?"

"మా పంపులు."

నాకు మతిపోయింది. కలగంటున్నాడేమో అనుకున్నాను. కానీ ఆయన తెరమీదనుంచి చూపు తిప్పకుండా, ఎన్నో ఏళ్లుగా చెప్పనిదంతా గొంతు తగ్గించి చెప్పుకుపోయాడు. జీతంలో కొంత కోయించుకుని అందరూ సొంత కంపెనీ షేర్లే కొన్నారట. ఆ సంగతి నాకు తెలిసిందే. తెలియనిది తర్వాతది. క్యాంటీన్‌లో గోడకు ఒక తెర పెట్టి ఆ షేరు ధర చూపించేవాళ్లు. పెరిగినప్పుడల్లా టీ తాగుతూ ఒకరినొకరు ఆటపట్టించుకునేవాళ్లు. ఆ రోజు భోజనాల వేళ అంకె ఒక్కసారిగా జారడం మొదలుపెట్టింది. అంతలా పడదని అందరికీ తెలుసు, అందుకని నవ్వారు. తెరకు పిచ్చెక్కింది, కరెంటన్నను పిలవండి అన్నారు. ఈయన స్టూలెక్కి ప్లగ్గు పీకాడు. తీగలు విప్పి తుడిచాడు, ప్లగ్గు డబ్బా మార్చాడు. బాగయ్యాక చూద్దాంలే అని అందరూ షిఫ్టుకు పోయారు. తెర మళ్లీ వెలిగేసరికి అమ్ముతామనేవాళ్లే గానీ కొనేవాడు లేడు.

"ఒక్కడూ నన్నేమీ అనలేదురా" అన్నాడు. మళ్లీ ఆ గీతనే చూపిస్తూ, "ఇక్కడ కొంచెంసేపు ఇలా చదునుగానే పోతుంది. ఆ తర్వాత..." అని ఆపేశాడు.

ఆకుపచ్చ గీత అప్పటికే చదునుగా పోతోంది. వెళ్లి పిల్లకు చెప్పు అన్నాను. పడేది నిజంగానే, కంగారు పడొద్దు, మీట జోలికి పోవద్దు, ఆ ఒక్క ముక్క చాలు. రూలుకు విరుద్ధమే, నాకేం సిగ్గు లేదు. ఆయన కదల్లేదు. నేనే లేచి తాడు దాకా వెళ్లాను. టై కట్టుకున్న మనిషి అడ్డమొచ్చి, చాలా మర్యాదగా, చెయ్యి పట్టుకుని మరీ తెచ్చి కూర్చోబెట్టాడు. నన్నింక పోనివ్వరు, నువ్వు తండ్రివి, నువ్వు లే అని అన్నయ్యను బతిమాలాను, భుజం పట్టి ఊపాను. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని గీతను చూస్తూ కూర్చున్నాడు. ఒళ్లు మండిపోయింది నాకు.

గీత పడింది. ఫోనులో చూసినట్టే, నిలువునా.

హాల్లో చప్పట్లు. ముందుగా అమ్మినవాళ్లందరూ పట్టీలో పైకి పోతున్నారు, అందరికంటే పైన పిట్ట పేరు. నేను కూడా చేతులు మండేలా కొట్టాను. అంతలో చూస్తే పిల్ల కుర్చీలోంచి సగం లేచి ఉంది. ముఖం తెరకు ఆనించినంత దగ్గరగా పెట్టింది. వంగి, కంప్యూటరు వెనకాల తీగ కదిపి చూసింది, ప్లగ్గు నొక్కి చూసింది. నాకు కంప్యూటరు గురించి ఓనమాలు తెలియవు గానీ, ఆ వంగడం చూడగానే అన్నయ్య వైపు తిరిగాను. అన్నయ్య నోరు తెరిచాడు. పిట్ట మీట నొక్కింది.

గీత పడుతూనే ఉంది. పిట్ట లెక్క ఉన్నచోటే ఆగిపోయింది. మిగతావాళ్ల ప్రోగ్రాంలు కొంటూ అమ్ముతూనే ఉన్నాయి, వాళ్ల పేర్లు ఒక్కొక్కటే దాన్ని దాటుకుంటూ పైకెళ్లాయి. చివరికి ఎవరో కళ్లజోడు కుర్రాడికి పూలగుత్తి ఇచ్చారు, వాళ్లమ్మ ఫొటోలు తీసుకుంది.

పిట్ట సంచి సర్దుకుని తాడు దాటి మా దగ్గరకొచ్చింది. ఏడవలేదు. తప్పు నంబరొచ్చిందనుకున్నాను నాన్నా అని, చదివిన పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. అంతలా పడుతుందని ఎలా అనుకుంటాం అంది. అన్నయ్య నేల చూపులు చూస్తున్నాడు. నా నోరు ఊరుకోదుగా. "మీ నాన్నకు ముందే తెలుసే. కూర్చున్న చోటినుంచి కదల్లేదు" అనేశాను.

అన్నాక గానీ నాకు తెలిసిరాలేదు నేనేమన్నానో. పిల్ల ఆయన వైపు తిరిగింది. కోపం లేదు ముఖంలో, ఏమీ లేదు, అచ్చం వాళ్ల నాన్న ముఖంలా ఉంది.

"నిజమా నాన్నా?"

"ఊఁ."

"మరి చెప్పలేదే?"

ఆయన తెర వైపు చూశాడు. చుట్టూ కుర్చీలు మడతపెట్టే చప్పుడు. తెర ఇంకా ఆపలేదు, నాలుగో నంబరు గీత అడుగునే ఉంది.

"ఈసారి పడదేమో అనుకున్నానమ్మా" అన్నాడు.

నా కోపం ఎటు పోయిందో పోయింది. ఏడుపొచ్చింది, ముఖం పక్కకు తిప్పుకున్నాను. పిట్ట ఆయన పక్క కుర్చీలో కూర్చుంది. దాని సంచిలో ఫోను మోగింది. తీసి చూసి, అమ్మ అంది. ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. అది మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ మోగినప్పుడు నేను తీసుకున్నాను. వదిన వెనకాల మిషను ఆడుతున్న చప్పుడు వినిపించింది, ఏమైందని అడుగుతూనే కుడుతోంది.