రెండో అర ముట్టుకోవద్దు

మా ఆఫీసు రిసెప్షన్ బల్ల మీద చేతులకు రాసుకునే స్పిరిట్ సీసా ఒకటి ఉంటుంది. లిఫ్టు తలుపు తెరుచుకోగానే దాని వాసన గుప్పుమంటుంది. హైటెక్ సిటీలో మిగతావాళ్ళకు అది శుభ్రత వాసన. నాకు మాత్రం ఒకానొక సోమవారం ఉదయం గుర్తొస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే ఈ ఉద్యోగానికి ముందు నాకు ఇంకో బతుకు ఉండేదని నా టీములో ఎవరికీ తెలియదు. ఆ బతుకులో నాకు పని నేర్పినావిడ డాక్టర్ యాదమ్మ. ఆవిడ గురించి రాయడమంటే నన్ను నేను దోషిగా నలుగురిలో నిలబెట్టుకోవడమే. అయినా రాస్తున్నాను.

తొంభైల చివరి మాట. శేరిలింగంపల్లి దాటి మియాపూర్ వెళ్ళే దారిలో ఒక మందుల కంపెనీ వాళ్ళ పరిశోధన విభాగం ఉండేది. రేకుల షెడ్డు, ముందు నాలుగు గదులు, వెనక జనరేటర్ మోత. అటు మాదాపూర్ బండల మధ్య అద్దాల మేడలు లేస్తున్నాయి, ఊరు ఊరంతా కంప్యూటర్ కోర్సులకు పరుగెత్తుతోంది. నేను భీమవరం నుంచి జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ పట్టా పట్టుకుని ఈ షెడ్డుకు వచ్చిపడ్డాను. యాదమ్మ గారి దగ్గర పని అని గేటు దగ్గర చెప్పారు. ఆ పేరు విని ఊడ్చే ఆవిడేమో, తాళాలు ఆవిడ దగ్గర ఉంటాయేమో అనుకున్నాను. లోపల తెల్లకోటులో ఉన్న ఒకావిడను, "యాదమ్మ ఎక్కడండీ? నేను డాక్టరు గారిని కలవాలి" అని అడిగాను.

ఆవిడ మైక్రోస్కోపు మీది నుంచి తల కూడా ఎత్తలేదు. "యాదమ్మను నేనే, డాక్టర్ను నేనే. ఇద్దర్ల ఎవలు గావాలె నీకు?" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ మాత్రం ఆ ముక్క మళ్ళీ ఎత్తలేదు. మధ్యాహ్నం తన డబ్బాలోంచి సర్వపిండి ముక్క తుంచి నా చేతిలో పెట్టి, "తిను బిడ్డా, మస్తు పనున్నది" అంది. ఆవిడది సంగారెడ్డి పక్క పల్లె. తమ్ముడికి కిడ్నీల నిండా నీటి బుడగలు, వాళ్ళ నాన్న పోయింది కూడా ఆ జబ్బుతోనే. ఆవిడ కిడ్నీ కణాల పని ఎంచుకున్నది అందుకే.

కంపెనీ మాకిచ్చిన పని వేరే. వాళ్ళ మందులు కిడ్నీని దెబ్బతీస్తాయా లేదా అని చూడడం. ఎప్పుడో ఒక కుక్క కిడ్నీ నుంచి తీసి పెంచుతూ వస్తున్న కణాలు ప్లాస్టిక్ పళ్ళేల్లో ఉండేవి. వాటి మీద ఆవిడ చూసినది ఒక్కో కణానికి ఒక్కటే వెంట్రుక. పుస్తకాల్లో దాన్ని పరిణామంలో మిగిలిపోయిన పనిలేని తోకగా ఒక్క వాక్యంలో తేల్చేసేవారు. ఆవిడ ఒప్పుకోలేదు. ఒక హార్మోను కొద్దికొద్దిగా కలిపి, కణం లోపల నింపిన రంగు ఎప్పుడు మెరుస్తుందా అని చూసేది. వెంట్రుక ఉన్న కణాలు చిటికెడు హార్మోనుకే మెరిసేవి. వెంట్రుక లేనివి అంత త్వరగా కదిలేవి కావు.

"పక్కనుంచి ఏమేం పోతున్నయో రుచి చూస్తున్నది బిడ్డా ఇది. నాలుక లెక్క" అనేది. ఎనిమిది నెలలు నోటుబుక్కుల నిండా రాసింది. నాకు రాయడం కూడా ఆవిడే నేర్పింది. అనుకున్నది కాదు, కనబడినది రాయమనేది. ఫలితం బాగా రాని రోజున పేజీ చింపబోతే చేతి మీద ఒక్కటి వేసింది.

ఆ వెంట్రుక మొలిపించడానికి ఒక పద్ధతి ఉంది. మామూలుగా దూడ రక్తం నుంచి తీసిన సీరం కలిపిన గులాబీ ద్రవం కణాలకు తిండి. తిండి పాడయ్యే కొద్దీ అది పసుపుకు తిరుగుతుంది. పసుపు కనబడగానే పారబోసి కొత్తది పోయాలి. కణాలు పెంచే ఆ కల్చర్ గదిలో అడుగుపెట్టిన ఎవరికైనా మొదటిరోజు నేర్పేది అదే, రెండు వారాలకు ఆ పని చేతులే చేసుకుపోతాయి. వెంట్రుక కావాలంటే మాత్రం పళ్ళెం కిక్కిరిసినాక సీరం ఆపేసి, వెచ్చటి పెట్టెలో రెండో అర మీద రోజుల తరబడి ఆకలితో ఉంచాలి. "తిండి దొరికినన్ని రోజులు ఇవి పిల్లలను కనుడే పని. ఆపినంక చూడు, గప్పుడు వెంట్రుక బయట పెడ్తయి" అనేది. మళ్ళీ తిండి పెడితే ఏమవుతుందో మేమెప్పుడూ చూడలేదు. పెట్టాల్సిన అవసరం రాలేదు.

డైరెక్టరు గారికి ఇదంతా తలనొప్పి. "పనికిరాని తోక అని పుస్తకాల్లోనే ఉంది కదండీ మేడం. సోమవారం వచ్చి చూస్తాను. కనబడితే సరే, మీ పని మీదే. లేకపోతే ఈ ఏసీ గది కంప్యూటర్లకు ఇచ్చేద్దామండి" అన్నారు. అంటే ఆవిడ ఉద్యోగం కూడా ఆ సోమవారం మీదే ఉందన్నమాట.

శనివారం సాయంత్రం తమ్ముడికి ఊపిరి ఆడడం లేదని కబురొచ్చింది. ఆవిడ దవాఖానకు బయల్దేరుతూ తలుపు దగ్గర ఆగి, "రేపు నీ డ్యూటీ గద. రెండో అర ముట్టుకోకు. ఇగ మిగతాయి నీ ఇష్టం" అంది.

ఆదివారం నేను రెండో అర చూశాను. పళ్ళేలన్నీ పసుపు. పాపం హడావుడిలో ద్రవం మార్చాలన్నది మరిచిపోయి అలా చెప్పి ఉంటుంది అనుకున్నాను. వెంట్రుకలు ఎలాగూ మొలిచాయి, ఇప్పుడు తిండి పెడితే పోయేదేముంది అనుకున్నాను. రేపు పెద్దవాళ్ళు వస్తుంటే మురికి పసుపు పళ్ళేలు చూపిస్తామా అనుకున్నాను. నేను తెలివైనదాన్ననే పొగరు కూడా ఉంది, ఆ మాట దాచను. సీరం కలిపిన కొత్త ద్రవం పోసేశాను. అరంతా గులాబీ రంగులో కళకళలాడింది. ఎవరైనా మెచ్చుకుంటారేమో అన్నట్టు కాసేపు నిలబడి చూశాను కూడా.

సోమవారం ఆవిడ దవాఖాన నుంచి నేరుగా వచ్చింది. ఆలస్యం కాకూడదని అప్పటికే నేను స్పిరిట్‌తో బల్ల తుడిచి, పళ్ళేల్లోని గులాబీ ద్రవం తీసేసి, రంగు నింపి, తేట నీళ్ళలాంటి ద్రవంలో ఉంచి సిద్ధం చేశాను. కాబట్టి గులాబీ రంగు ఆవిడ కంటబడలేదు. డైరెక్టరు గారు, ఇంకో ఇద్దరు వెనక నిలబడ్డారు. ఆవిడ మైక్రోస్కోపులో చూసి, పళ్ళెం మార్చి, మళ్ళీ చూసింది. వెంట్రుకలు లేవు. హార్మోను వేసింది. ఎప్పుడూ మెరిసే మోతాదుకు ఒక్క కణం కూడా మెరవలేదు.

ఆవిడ నా వైపు తిరిగింది. "నిన్న ఏమన్న మార్చినవా బిడ్డా?"

కోపంగా అడగలేదు. నోటుబుక్కులో రాసుకోవడానికి అడిగినట్టే అడిగింది. డైరెక్టరు గారు నన్నే చూస్తున్నారు. నాకు ఉద్యోగం కొత్త, ఊరు కొత్త, భయం మాత్రం పాతదే.

"లేదండి" అన్నాను.

ఆవిడ నమ్మింది. నన్ను నమ్మి, ఎనిమిది నెలలు చూసిన తన కళ్ళను నమ్మడం మానేసింది. ఇంకో అవకాశం ఇమ్మని కూడా అడగలేదు. "నేనే సరిగ చూడలేదేమో సార్" అనడం విన్నాను. ఆ వారంలోనే కల్చర్ గది ఖాళీ అయింది. నోటుబుక్కులను పాత కాగితాల వాడికి వేశారు. ఆవిడ ఒక జూనియర్ కాలేజీలో చేరింది. మరుసటి ఏడాది తమ్ముడు పోయాడని విన్నాను, వెళ్ళలేదు. అప్పటికి నేను కోర్సు చేసి ఈ వైపు వచ్చేశాను.

కొన్నేళ్ళకు పేపరులో ఒక చిన్న వార్త. కిడ్నీ కణం మీది వెంట్రుక పనిలేనిది కాదట, అది చుట్టూ ఉన్నవాటిని పసిగడుతుందట, అది చెడితే కిడ్నీల్లో నీటి బుడగలు వస్తాయట. ఎక్కడో విదేశాల్లో ఎవరెవరో తేల్చారు. ఆ కాగితం పట్టుకుని ప్రగతి నగర్‌లో ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. జుట్టు నెరిసింది. నన్ను చూసి సంతోషపడింది, అదే తట్టుకోలేకపోయాను. కూర్చోకుండానే ఆదివారం సంగతంతా చెప్పేశాను.

ఆవిడ నా చేతిలోని కాగితం తీసుకుని చదివింది. తరవాత అడిగింది. "అంటే, నేను చూసింది నిజమేనా?"

"నిజమేనండి."

"ఇన్నేండ్లు నా కండ్లది తప్పనుకున్న." కాగితం మడిచి నా చేతికే ఇచ్చేసింది. అంతలో ఏదో తట్టినట్టు ఆగింది. "తిండి పెట్టంగనే లోపలికి గుంజుకున్నయా? ఒక్క రోజుల?"

"అవునండి."

"మరి గదే గద బిడ్డా రుజువు! బయట ఏం కలిపిండ్రో దానికి తెల్సినట్టే గద. నువ్వు అవునంటే, ఆ సార్ ముంగటనే చూపిస్తుంటి. మళ్ల తిండి ఆపి చూస్తానికి ఒక్క వారం టైం అడుగుతుంటి."

నా తప్పు ఆవిడను ముంచలేదు. నా అబద్ధం ముంచింది. తప్పు ఒప్పుకుని ఉంటే ఆ తప్పే ఆవిడకు సాక్ష్యమయ్యేది. మైక్రోస్కోపు ముందు అంతసేపు కూర్చోబెట్టి ఆవిడ నాకు నేర్పింది అదే, నేను నేర్చుకోనిదీ అదే.

క్షమించమని అడిగాను. "అది నాతోని కాదు. నువ్వు పో" అంది. తలుపు వేసుకుంది, గట్టిగా కూడా వేయలేదు.

ఇప్పుడు ఏదైనా పాడైతే, మీటింగులో ఎవరూ అడగకముందే నేను మార్చింది నేనే చెప్పేస్తాను. నిజాయితీ గల మనిషినని టీములో పిల్లలు మెచ్చుకుంటారు. వాళ్ళు అలా అన్నప్పుడల్లా ఆ సోమవారం నేనన్న "లేదండి" నోటిదాకా వస్తుంది, నోరు మూసుకుంటాను.