సీటు మీద పెట్టిన బ్యాగు

ఫ్రైబర్గ్‌లో చదువుకుంటున్న మా అమ్మాయిని మొన్న జర్మనీలో మేముండే ఇంగోల్‌స్టాట్‌లో రైలెక్కించడానికి వెళ్ళినప్పుడు, దాని భుజాన వేలాడుతున్న పర్సు చూసి నాకు నవ్వొచ్చింది. ఫోను పెడితే దువ్వెన పట్టదు, దువ్వెన పెడితే ఫోను పట్టదు, దానికి మళ్ళీ బంగారు రంగు గొలుసొకటి. మన కాలంలో హ్యాండ్‌బ్యాగంటే చిన్నపాటి బీరువాయే కదా.

ఈ దేశం వచ్చిన కొత్తలో నాకొక నల్ల తోలు బ్యాగు ఉండేది. చీర మీదికైనా ప్యాంటు మీదికైనా నప్పుతుందని ముచ్చటపడి కొనుక్కున్నాను గానీ, బిస్కెట్లు, జ్వరం మందు, పాస్‌పోర్టులు, ఇంట్లో వదలడానికి మనసొప్పక నగల డబ్బా, అన్నీ అందులోనే కుక్కేదాన్ని. ఒకనాడు పాస్‌పోర్టుల పని మీద మ్యూనిక్ వెళ్ళవలసి వచ్చింది. ఆయనకు ఫ్యాక్టరీలో సెలవు దొరకక, అప్పటికి మూడేళ్ళైనా నిండని ఈ పిల్లతో నేనే బయలుదేరాను. కరీంనగర్ బస్టాండులో కిటికీలోంచి దస్తీ వేసి సీటు ఆపుకున్న అలవాటు ఎక్కడికి పోతుంది. రైలు ఆగీ ఆగగానే ఎక్కి, సీటు మీద బ్యాగు పెట్టి, పక్కన పిల్లను కూర్చోబెట్టి, గట్టిగా పట్టుకో బిడ్డా, ఎవ్వరికీ ఇయ్యకు అని చెప్పి, ప్లాట్‌ఫారం మీది పిల్ల స్ట్రోలర్ బండి తేవడానికి దిగాను. తలుపులు మూసుకున్నాయి.

బటన్ నొక్కాను, అద్దం బాదాను, రైలు కదిలిపోయింది. నేర్చుకున్న నాలుగు జర్మన్ ముక్కలూ ఎటో పోయాయి. ఫోను బ్యాగులో, ఆయన నంబరు ఫోనులో. రైల్వే ఆవిడ చెయ్యి పట్టుకుని, రైలు వెళ్ళిన వైపు చూపిస్తూ, నా బిడ్డ నా బిడ్డ అని తెలుగులోనే ఏడ్చాను. ఎలా అర్థమైందో ఆ తల్లికి, ఎక్కడికో ఫోను చేసి, అవతలి స్టేషన్‌లో పిల్లను దింపారని సైగలతో చెప్పి, నన్ను తరువాతి రైలెక్కించింది. ఆ దారిలో నేను మొక్కని దేవుడు లేడు. దింపింది మా పిల్లనేనా, ఈలోగా ఎవరైనా ఎత్తుకుపోతేనో అన్నదే ధ్యాస. నగలు గుర్తుకైనా రాలేదు.

అక్కడ స్టేషన్ ఆఫీసు గదిలో పిల్ల కూర్చుని ఉంది. ఎవరి పిల్లో తెలుసుకుందామని బ్యాగు తెరవబోతే గోలగోల చేసిందట, చాక్లెట్ ఇచ్చినా చెయ్యి తీయలేదట. నన్ను చూసి ఏడవనైనా ఏడవకుండా, "అమ్మా, ఎవ్వరికీ ఇయ్యలే" అంది. బ్యాగు పట్టీ నుంచి దాని వేళ్ళు విడదీయడం నా తరం కాలేదు. అట్లాగే ఎత్తుకున్నాను.

ఇప్పుడు టికెట్టూ డబ్బూ అన్నీ ఫోనులోనే, మోయవలసిన బరువేమీ లేదు. ఎక్కడున్నావే అంటే ఫోనులో మ్యాపు మీద నా చుక్క చూసుకో అని మా అమ్మాయి జర్మన్‌లో జవాబు చెబుతుంది. చూస్తూనే ఉంటాను, భయం మాత్రం అప్పటిదే. ఆనాడు నేను వచ్చేదాకా ఎవరు పిలిచినా కదలని పిల్లను, ఇప్పుడు నాకోసం కాస్త ఆగమని అడగలేను.