ఆరు దేవుళ్ల పిల్ల

సూది వేసే ముందు దూదికి అద్దే స్పిరిటు వాసన తగిలితే చాలు, నేను ఇప్పటికీ ఒక అడుగు వెనక్కి వేస్తాను. సూదంటే భయం కాదు. జంగూబాయి అక్క నా కథ చదువుతూ కూర్చున్న మధ్యాహ్నం గుర్తొస్తుంది.

గోదావరిఖనిలో ఒక దవాఖానలో ఆమె పెద్ద నర్సు, నేను ఆమె చేతికింద కొత్తగా చేరినదాన్ని. ఆమెది గోలేటి అవతల గోండు గూడెం; మాది మంథనిలో పూజారుల ఇల్లు. రాష్ట్రం కోసం సమ్మె జరుగుతున్న రోజులు, వార్డు ఖాళీగా ఉంది. ఒక గోండు నర్సు ప్రేమకథ రాసి, పత్రికకు పంపేముందు ఆమెకిచ్చాను. మెచ్చుకుంటుందని ఎంత ఆశో! పేరు మార్చాను గానీ, ఆ నర్సు నడక, నవ్వు, ముక్కుపుడక అన్నీ అక్కవే. గోదావరిఖనిలో ఎవరైనా ఇట్టే గుర్తుపడతారు.

అక్క చదివి, కాగితాలు బల్ల మీద పెట్టింది.

"ఈ పిల్లది ఆరు దేవుళ్ల ఇల్లు. పిలగానిది గూడ ఆరేనా?"

"వినసొంపుగ ఉందని రాసిన అక్కా."

"సొంపా? మా దాంట్ల ఒక్కో ఇంటికి ఇంతమంది దేవుళ్లని లెక్క ఉంటది. ఆ లెక్క ఒక్కటైతే అన్నాచెల్లెండ్లే. గిది అచ్చయితే నేను అన్నను చేసుకున్నట్టే. మా పెద్దదేవుని పూజకు నన్ను రానియ్యరు, ఎరుకేనా?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. అందానికి వేసిన ఒక అంకె ఒక మనిషిని ఆమె దేవుడికే దూరం చేస్తుందని నేనేం కలగన్నానా? "చింపేస్త అక్కా. ఇగ మావాళ్ల గురించే రాసుకుంట" అన్నాను.

"మస్తు చెప్పినవ్ తియ్! భయమైతే పారిపోవుడేనా? ఐతారం మా ఊరికి రా. మావోళ్ల ముందట చదువు."

సమ్మెలో దొరికిన జీపెక్కి, దారిపొడవునా ఆ కాగితాలే చదువుకుంటూ వెళ్లాను. వాళ్ల వాకిట్లో ఆడవాళ్లు చుట్టూ కూర్చున్నారు. అంకె మార్చిన కథ నేను చదువుతుంటే అక్క గోండిలో చెప్పింది. చివర్లో ఆ పిల్ల అడవిలో ఒంటరిగా కూర్చుని ఏడుస్తుంది. అక్కడికి రాగానే అక్క మేనత్త ఏదో అడిగింది. అందరూ నావైపు తిరిగారు. ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

"ఏమంటున్నదక్కా?"

"మా గూడెంల పిల్ల ఏడిస్తే ఒక్కదాన్నే ఎట్ల ఇడుస్తం అంటున్నది. గట్ల ఒక్కతే ఏడ్చేది ఎవరు, నువ్వా అని అడుగుతున్నది."

నేనే. మంథనిలో, వంటింటి వెనక, చప్పుడు కాకుండా. తల ఊపాను. ఆ ముసలామె కొంచెం జరిగి, చాప మీద తన పక్కన చోటు చూపించింది.

అక్క పోయి కొన్నేళ్లయింది. ఇప్పటికీ నాది కాని ఇంటి మనిషిని రాస్తే వెంటనే పత్రికకు పంపను. రాసింది పట్టుకుని ఆ ఇంటికే వెళ్తాను. పైకి చదువుతాను. అందరూ నావైపు తిరిగేదాకా భయపడుతూ కూర్చుంటాను.